పడుకోబెట్టి అప్పగించిన మంచం

మా ఐసీయూలో మర్యాద అంటే ఒకటే. డ్యూటీ అప్పగించే వేళకు మన మంచం మీది పేషెంటు నిద్రలో ఉండాలి. దాన్ని ‘పడుకోబెట్టి ఇవ్వడం’ అంటాం. గొంతులో ట్యూబు కొరుకుతూ, కట్టిన చేతులు గుంజుకుంటూ ఉన్న మనిషిని తరువాతి షిఫ్టు వాళ్ళ చేతిలో పెట్టి వెళ్ళిపోవడమంటే, తిన్న కంచం ఇంకొకరి ముందుకు తోసేసి లేచినట్టే. ఎవరూ పైకి ఏమీ అనరు. మర్నాడు అందరికీ వచ్చిన టీ మన దాకా రాదు, అంతే.

నన్ను జోలక్క అంటారు. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో నేను అప్పగించిన మంచం ఒక్కసారి కూడా అల్లరి చేయలేదని ఆ పేరు. కొత్తగా చేరినవాళ్ళకు ఈ మర్యాద నేర్పింది కూడా నేనే. షిఫ్టు మారడానికి ఇరవై నిమిషాల ముందు మత్తుమందు సిరంజిలోంచి నాలుగైదు ఎం.ఎల్. మెల్లగా తోయాలి. చార్టులో రాయాలా అక్కా అని అడిగేవాళ్ళు. దుప్పటి సర్దామని రాస్తామా, ఇదీ అంతే అనేదాన్ని.

పోయిన నెల నర్సింగ్ కాలేజీ నుంచి ఒకామె వచ్చింది. ఐసీయూ నర్సులకు మత్తుమందుల విషయంలో జ్ఞానం ఎంత, నైపుణ్యం ఎంత అన్నది ఆమె పరిశోధన. ముప్పై ప్రశ్నల పరీక్ష పెట్టింది. నాకు ఇరవై ఎనిమిది వచ్చాయి. పదిహేడో ప్రశ్న నాకిప్పటికీ గుర్తుంది: మూత్రపిండాలు పనిచేయని రోగికి మందు ఆపాక కూడా మెలకువ ఆలస్యంగా రావడానికి కారణమేమి? నాలుగు వరుసలు రాశాను. మందు ఒంట్లో విరిగాక మిగిలే ముక్క కూడా మత్తునిస్తుందనీ, కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవనీ, అది రోజురోజుకూ పేరుకుంటుందనీ. ఆ జవాబు చదివి ఆమె “చాలా బాగా రాశారు” అంది. తరువాత అట్ట పట్టుకుని నా పక్కన నిలబడి నేను పని చేయడం చూసింది. చూస్తున్నంతసేపూ అన్నీ సరిగానే చేశాను. పేషెంటును పిలిచాను, పది సెకన్లు ఆగాను, భుజం తట్టాను, అప్పుడు చార్టులో నిద్ర ఎంత లోతో చెప్పే అంకె వేశాను.

ఆమె వెళ్ళిపోయాక పై గడిలో ఉన్న ముందు గంట అంకె చూసి కింది గడిలో అదే వేశాను. ఇందులో నాకు ఏ విడ్డూరమూ కనబడలేదు. పరీక్ష రాసిన మనిషీ నేనే, ఈ పని చేసే మనిషీ నేనే. ఇద్దరూ ఒకే యూనిఫారంలో ఇన్నేళ్ళు ఒకరినొకరు పలకరించుకోకుండా బతికారు.

నాలుగో నంబరు మంచం ఆ ఇద్దర్నీ ఒకచోట నిలబెట్టింది.

నాలుగో నంబరు మనిషి కారు డ్రైవింగ్ నేర్పే మాస్టారు. యాభై నాలుగేళ్ళు. ఊపిరితిత్తుల నిండా నిమ్ము, దాని వెనకే కిడ్నీలు దెబ్బతిన్నాయి. వచ్చిన రెండో రోజు గుండె మూడు నిమిషాలు ఆగి మళ్ళీ కొట్టుకుంది. వెంటిలేటర్ మీద, మత్తులో వారం ఉన్నాడు. ఊపిరితిత్తులు కాస్త తేరుకోగానే, మనిషి లేస్తాడో లేదో చూద్దాం, మత్తుమందు ఆపండి అన్నారు మా డాక్టర్ మేడమ్. అది సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి. సిరంజిని మెల్లగా తోసే పంపు ఆపింది నేనే. అంతకు ముందే, ఎనిమిదీ పదికి, కొత్త సిరంజి నింపి పెట్టాను. మళ్ళీ అవసరమైతే పనికొస్తుందని గొట్టానికి క్లిప్పు పెట్టి దాన్ని పంపులోనే ఉంచేశాను.

ఇవాళ గురువారం.

పొద్దున్న రౌండ్స్‌లో మేడమ్ మాస్టారి కనురెప్ప ఎత్తి టార్చి వేశారు. గోరు మీద పెన్ను పెట్టి నొక్కారు. చెయ్యి కదల్లేదు. చార్టులో నిద్ర లోతు చెప్పే అంకెల వరుస మీద వేలు నడిపించారు. సున్నా అంటే మామూలు మెలకువ. కిందికి మైనస్ ఐదు దాకా వెళితే గిల్లినా కదలనంత నిద్ర. పైకి ప్లస్ నాలుగు దాకా వెళితే మన మీదికి తిరగబడేంత గాభరా. మాస్టారి వరుసలో మూడు రోజులుగా మైనస్ నాలుగు, మైనస్ నాలుగు, మైనస్ నాలుగు.

“మందు ఆపి డెబ్బై రెండు గంటలైంది,” అన్నారు మేడమ్. “స్కాన్‌లో పెద్దగా ఏం లేదు. తలకు తీగలు పెట్టి తీసిన రికార్డులో మాత్రం అలలు బాగా నెమ్మదిగా ఉన్నాయి. మందు నడుస్తూ ఉంటే మందు వల్ల అనుకునేదాన్ని. నడవట్లేదు. అంటే గుండె ఆగినప్పుడు మెదడే పోయిందనుకోవాలి.” చార్టు వైపు చూస్తూనే అడిగారు. “మధ్యలో ఏమైనా ఇచ్చారా? ఒక్క డోసు?”

“లేదు మేడమ్.”

అబద్ధం చెప్పాలని అనుకోలేదు. ఆమె చార్టును చూస్తూ అడిగారు, నేను చార్టును చూస్తూ చెప్పాను. చార్టులో లేదు.

“సరే. ఒంటిగంటకి వాళ్ళావిడ వస్తారు కదా. మాట్లాడతాను.”

మేడమ్ మాట్లాడడమంటే ఏమిటో నాకు తెలుసు. కారిడార్ చివర రెండు కుర్చీలు, ఒక సోఫా, టిష్యూ పెట్టె ఉన్న గది ఒకటుంది. అందులోకి వెళ్ళినవాళ్ళు వెంటిలేటర్ తీసేయడానికి ఒప్పుకుని బయటికి వస్తారు, లేదా రెండు రోజులు టైమివ్వమని వస్తారు. ఈ కుటుంబం టైము అడగదు. మాస్టారి తండ్రి ఇలాగే యంత్రం మీద నలభై రోజులు ఉండి పోయాడట. నన్ను మాత్రం అలా వేలాడదీయకండ్రా అని మాస్టారు ఇంట్లో అందరి దగ్గరా మాట తీసుకున్నాడు. మొన్న విజిటింగ్ టైములో ఆయన తమ్ముడే నాతో చెప్పాడు.

ఒళ్ళు తుడవడానికి మాస్టారిని పక్కకు తిప్పుతున్నప్పుడు పంపు నా కళ్ళ ఎదురుగా వచ్చింది. సిరంజి మీద నా చేతిరాతతో చీటీ: సోమవారం, ఎనిమిదీ పది. ఇరవై నాలుగు గంటలు దాటితే పారేయాలన్నది రూలు. ఎవరూ పారేయలేదు. సిరంజిలో తొమ్మిది ఎం.ఎల్. ఉంది.

పంపు ఆపినప్పుడు నలభై ఎనిమిది ఉంది.

తడిగుడ్డ పట్టుకుని లెక్క వేశాను. సోమవారం మధ్యాహ్నం ఐదు, మంగళవారం ఐదు, నిన్న ఐదు. నావి పదిహేను. మిగతా ఇరవై నాలుగు? సాయంత్రం షిఫ్టులో స్ప్రింగు అని ఒక నర్సు ఉంటుంది. జుట్టు రింగులు రింగులుగా ఉంటుందని దానికా పేరు. రాత్రి షిఫ్టులో సన్నటమ్మాయి ఒకతి ఉంటుంది. ఇద్దరికీ పని నేర్పింది నేనే. ముగ్గురం ఒకరికొకరం పడుకోబెట్టి ఇచ్చుకున్నాం. నేను కొంచెమే ఇచ్చానని ఎవరికి వాళ్ళం అనుకున్నాం. మూడు కొంచేలు ఒకే మనిషి ఒంట్లో, మందును బయటికి పంపలేని ఒంట్లో, పోగుపడ్డాయి. పదిహేడో ప్రశ్నకు జవాబు మంచం మీద పడుకుని ఉంది.

ఐసీయూకు కిటికీల్లేవు. ట్యూబులైట్లు ఎప్పుడూ ఒకేలా వెలుగుతాయి. పద్దెనిమిదేళ్ళలో ఆ విషయం మొదటిసారి ఊపిరికి అడ్డం పడింది. కార్డు గీకి తలుపు తెరిస్తే బయటి గది, అక్కడ మళ్ళీ కార్డు గీకితే కారిడార్. ఇంకో తలుపు ఎక్కడైనా ఉందా అన్నట్టు గోడలన్నీ చూశాను. ఒక తలుపైతే ఉంది. మంచం పక్కనే పసుపు మూత డబ్బా. సిరంజి తీసి అందులో వేస్తే రెండు సెకన్ల పని.

ముందు ఇన్‌చార్జి దగ్గరికి వెళ్ళాను. ఆమెను అందరం పెద్దక్క అంటాం. మందుల గదిలో ఫ్రిజ్ ముందు వంగి ఉంది. చెప్పాను. నిటారుగా నిలబడి తలుపు మూసింది.

“నువ్వేం చూడలేదు. అది పారేసెయ్.”

“మేడమ్ ఒంటిగంటకి వాళ్ళతో మాట్లాడతారక్కా.”

“మాట్లాడనీ. ఇక మీదట మీరెవరూ ఏం ఇవ్వకండి. రేపో ఎల్లుండో కళ్ళు తెరుస్తాడు. మేడమే అద్భుతం అంటుంది, మనకి స్వీట్లు పంచుతుంది.”

“వాళ్ళు రేపటిదాకా ఆగరు. ఇవాళే సరేనంటారు.”

పెద్దక్క ఫ్రిజ్‌కు ఆనుకుంది. “సరే, చెప్తావ్. నీ ఒక్కదానితో పోతుందా? ఆ సన్నటి పిల్లకి ఉద్యోగం ఇంకా పర్మినెంట్ కాలేదు. స్ప్రింగుకి ఆరో నెల. పోయిన నెల ఏడో నంబరువాడు కాలితో తన్నితే ఇంచీలో తప్పింది దాని కడుపు. అప్పుడు ఎవరు చెప్పారు, దానికి ఎప్పుడూ పడుకోబెట్టే ఇవ్వండమ్మా అని?”

“నేనే.”

“మరి? నువ్వు నేర్పిన పిల్లలనే తీసుకెళ్ళి మేడమ్ ముందు నిలబెడతావా?”

“నావి మాత్రమే చెప్తా.”

“అబ్బో. పదిహేను నావి, మిగతావి గాలికి ఎగిరిపోయాయి మేడమ్ అంటావా? నిన్ను ఎవరైనా జోలక్క అని ముద్దుకి పిలుస్తున్నారనుకుంటున్నావా? నువ్వు వచ్చి వెళ్ళాక వాళ్ళకి పని తేలికవుతుందని పిలుస్తున్నారు.” గొంతు తగ్గించింది. “వెళ్ళు. మంచం చూసుకో. ఇంక ఈ మాట నా చెవిన వేయకు.”

మంచం దగ్గరికి వచ్చాను. సిరంజి తీయలేదు. దాని ముందు ఒక తువ్వాలు వేలాడదీశాను. పారేయడానికీ చూపించడానికీ మధ్య నాకు దొరికింది ఆ తువ్వాలే.

ఒంటిగంటకు వాళ్ళావిడ వచ్చింది. వెనకాలే మరిది. ఇద్దరూ నీలం గౌన్లు తొడుక్కుని, ఏది ముట్టుకోవచ్చో తెలియనట్టు చేతులు కాస్త పైకెత్తి నడిచారు. ఆవిడ ముఖం వైపు వెళ్ళలేదు. మంచం కాళ్ళ దగ్గర నిలబడి దుప్పటి తొలగించి కుడి పాదం చేతిలోకి తీసుకుంది.

“ఇంకా ఆ కాలి పిచ్చేనా వదినా?” అన్నాడు మరిది, మెత్తగానే. నా వైపు తిరిగాడు. “నేర్పే కార్లో మా అన్నయ్య వైపు కూడా బ్రేకు ఉంటుంది సిస్టర్. పాతికేళ్ళు దాన్నే తొక్కీ తొక్కీ నిద్రలో కూడా తొక్కుతాడు. పక్కన పడుకుని మా వదిన తిన్న తన్నులకి లెక్కే లేదు.”

“ఎదురుగా లారీ వస్తోందనుకుంటారు,” అంది ఆవిడ. “నేనే లారీ.” నవ్వబోయి ఆగింది. “మొన్న తొక్కారమ్మా. మంగళవారం. మీకు చూపించాను కదా.”

చూపించింది. మంగళవారం ఒకటీ ఇరవైకి. నేను వచ్చి చూసేసరికి పాదం ఇంకా కొద్దిగా వణుకుతోంది. అవి వాటంతట అవే జరిగే కదలికలమ్మా, మెదడుతో పని లేదు అన్నాను. ఆవిడ తల ఊపి దుప్పటి కప్పి వెళ్ళింది. ఆవిడ తలుపు దాటాక సిరంజి దగ్గరికి వెళ్ళాను. అప్పుడు నా మనసులో ఏముందో ఇప్పుడు వెతుక్కుంటే కోపం లేదు, నిర్లక్ష్యం కూడా లేదు. వంటింట్లో పాలు పొంగుతున్నాయని మంట తగ్గించే మనిషి శ్రద్ధ ఉంది. ఆ కాలు లేవబోతోందని నా చేతికి తెలిసింది. అందుకే ఇచ్చాను. మైనస్ నాలుగు అని వేశాను.

“ఇవాళ తొక్కట్లేదు,” అంది ఆవిడ. అరికాలి మీద తన అరచేయి ఆనించి బ్రేకులా నొక్కింది, పాదం తిరిగి నొక్కుతుందేమోనని ఆగింది, మళ్ళీ నొక్కింది.

మేడమ్ వచ్చారు. “అమ్మా, మనం కాసేపు ఆ గదిలో కూర్చుని మాట్లాడదామా?”

ఆవిడ పాదం కింద పెట్టింది. మరిది ఆమె మోచేయి పట్టుకున్నాడు. వాళ్ళు మూడడుగులు వేశారు. ఆ మూడడుగులూ నేను లెక్కపెట్టాను. నాలుగో అడుగుకు “మేడమ్” అన్నాను. వాళ్ళు ఆగలేదు. మళ్ళీ అన్నాను.

“ఒక్క నిమిషం. మీరొక్కరే.”

తువ్వాలు తీశాను. మేడమ్ సిరంజి చూశారు, చీటీ చదివారు, నా ముఖం చూశారు. ఆమెకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

“ఎంత?”

“ముప్పై తొమ్మిది. మూడు రోజుల్లో.”

“పొద్దున్న అడిగాను మిమ్మల్ని.”

“అడిగారు.”

“ఎవరెవరు?”

“పదిహేను నావి మేడమ్. రోజూ డ్యూటీ దిగే ముందు ఐదు.”

“మిగతావి?”

“ఇచ్చినవాళ్ళు చెప్పాలి.”

“మీకు తెలుసు.”

“తెలుసు.”

ఆమె కళ్ళజోడు తీసి గౌను అంచుతో తుడిచారు. అరుస్తారనుకున్నాను. అరిస్తే తల దించుకుని నిలబడేదాన్ని, అదొక పనిగా ఉండేది. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, “వాళ్ళు ఎందుకు ఆగిపోయారో తెలియక నిలబడ్డారు. వెళ్ళి మీరే చెప్పండి. నేను పక్కన ఉంటాను,” అన్నారు.

ఆ టిష్యూ పెట్టె ఉన్న గదిలోకి నేను ఎప్పుడూ పోలేదు. ఊహించినదానికన్నా చిన్నది. సోఫాలో వాళ్ళిద్దరూ, ఒక కుర్చీలో మేడమ్. రెండో కుర్చీలో నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. మందు ఆపమన్నాక కూడా మేం ఇచ్చామని, రాయలేదని, ఆయన లేవకపోవడానికి అదే కారణం కావచ్చని.

“ఎందుకిచ్చారు?” అడిగాడు మరిది. నిజంగా అర్థంకాక అడిగాడు. “ఆయన ఏమైనా బాధపడ్డాడా?”

“లేదు.”

“మరి?”

తరువాత వచ్చేవాళ్ళకి మంచం ప్రశాంతంగా అప్పగించడానికి. ఆ వాక్యం ఆ గదిలో అనడానికి వీలుగా లేదు. అయినా అన్నాను. వాళ్ళ ముఖాల్లో ఏమీ మారలేదు. అర్థం లేని మాట విన్నవాళ్ళలా చూశారు.

ఆవిడ అంది. “కాలు కదిలిందని నేను పిలిచాను మిమ్మల్ని.”

“అవునమ్మా.”

“నేను వెళ్ళాక ఇచ్చారా?”

“అవును.”

“నేను చూపించాననే ఇచ్చారు.”

అది ప్రశ్న కాదు.  టిష్యూ పెట్టె ఆవిడ వైపే ఉంది, ఆవిడ ముట్టుకోలేదు.

విరుగుడు మందు ఒకటుంది. కానీ గుండె ఆగిన మనిషికి అది ఇస్తే ఫిట్స్ రావచ్చు, కాబట్టి దానంతట అదే దిగేదాకా ఆగుదామన్నారు మేడమ్. రెండు రోజులు. అప్పటికీ లేవకపోతే ఇదే గదిలో మళ్ళీ కూర్చోవాలి. సిరంజిని ఆమే ఒక సంచిలో వేసి సీలు చేశారు. విచారణ సోమవారం అన్నారు. ఈలోగా నాలుగో నంబరు పూర్తిగా నా బాధ్యత, శనివారం మధ్యాహ్నం రెండింటిదాకా పగటి షిఫ్టులన్నీ నేనే చేయాలి. గంట గంటకూ ఇద్దరు నర్సులు కలిసి పిలిచి, ఆగి, తట్టి, అంకె పైకి చదివి రాయాలి.

శుక్రవారం పొద్దున్నకల్లా అందరికీ తెలిసిపోయింది. రాత్రి డ్యూటీ సన్నటమ్మాయి నా ముందుకు వచ్చి, నా చెప్పుల వైపు చూస్తూ, “నావి పదహారు. రాసి ఇచ్చేశా,” అని వెళ్ళిపోయింది. మిగిలిన ఎనిమిది ఎవరివో నాకూ స్ప్రింగుకూ తెలుసు. స్ప్రింగు నాతో మాట్లాడలేదు. గంటకోసారి రెండో మనిషిగా వచ్చేది, “మైనస్ నాలుగు” అనేది, సంతకం పెట్టి పోయేది. టీ వచ్చింది, నా మంచం దాటి వెళ్ళింది. పెద్దక్క మాత్రం వెళ్తూ వెళ్తూ, “ఏమ్మా, జోల మానేశావటగా,” అంది.

నేను మాస్టారి పక్కన స్టూలు మీద కూర్చున్నాను. వేరే పని లేకుండా ఒక పేషెంటు ముఖం గంటలకొద్దీ చూడడం నాకు అలవాటు లేదు. నర్సుగా మొదటి ఏడాది ఒక మనిషి మెలకువలోకి వచ్చి నన్ను చూసిన చూపు గుర్తొచ్చింది. తిట్టలేదు, బతిమాలలేదు. నేను ఎవరినో, ఇక్కడ ఏం చేస్తున్నానో చెప్పమన్నట్టు చూశాడు. నేను పక్కకు తిరిగిపోయాను. ఆ తరువాత నా మంచాలన్నీ నిద్రపోయాయి. ఇదంతా తోటివాళ్ళ కోసం చేశానని ఇన్నాళ్ళూ నమ్మాను. స్టూలు మీద కూర్చున్నాక ఆ నమ్మకం నిలవలేదు. రెప్పలు మూసుకుని ఉన్న ఆ ముఖాన్ని చూస్తూ, అవి తెరుచుకోవాలని కోరుకున్నాను. తెరుచుకుంటాయేమోనని భయపడ్డాను. రెంటిలో ఏది ఎక్కువో నాకు తేలలేదు.

శుక్రవారం సాయంత్రం ఆరింటికి మైనస్ మూడు. స్ప్రింగు అంకె చదివి, మళ్ళీ ఒకసారి చదివి సంతకం పెట్టింది.

శనివారం ఒంటిగంటన్నరకు విజిటింగ్ అయిపోయి వాళ్ళావిడ బయటికి వెళ్ళింది. ఒకటీ నలభైకి వెంటిలేటర్ అలారం మోగింది. మాస్టారు దగ్గుతున్నాడు. ట్యూబు లోపల దగ్గుకు చప్పుడు ఉండదు, ఛాతీ ఎగురుతుందంతే. తరువాత పళ్ళు ట్యూబు మీద బిగుసుకున్నాయి. కట్టిన చేతులు రెండూ ఒకేసారి లేచి గుంజుకున్నాయి. కాళ్ళు దుప్పటిని తన్నేశాయి. గుండె నూట నలభై కొట్టుకుంటోంది. మరో అలారం మోగింది. కళ్ళు తెరుచుకున్నాయి. రెండూ ఎర్రగా, పెద్దగా, గదంతా వెతుకుతూ తెరుచుకున్నాయి.

నా కుడిచేయి పంపు వైపు లేచింది. అక్కడ ఏమీ లేదు. అయినా లేచింది. ఆ చేతిని తెచ్చి మంచం కమ్మీ మీద పెట్టాల్సి వచ్చింది, ఎవరిదో చేతిని తెచ్చినట్టు.

డ్యూటీకి వచ్చిన స్ప్రింగు పొట్ట మీద చెయ్యి వేసుకుని దూరంగానే ఆగిపోయింది. రెండు రోజుల తరువాత నాతో మాట్లాడింది.

“ఏంటక్కా ఇది? ఇలాగా ఇస్తావ్ నాకు?”

“ఇలాగే ఇస్తా. కాళ్ళ వైపు రాకు, తల వైపు రా. మేడమ్‌కి ఫోన్ చెయ్.”

“తన్నుతాడక్కా!”

“తన్నితే నన్ను తంతాడు. నేనిక్కడున్నా. అంకె చూద్దాం, రా.”

ఫోన్ పెట్టేసి తల వైపు వచ్చింది. నేను వంగి ఆయన చెవి దగ్గర నోరు పెట్టాను. “మాస్టారూ. ఇది ఆసుపత్రి. గొంతులో గొట్టం ఉంది, అందుకే మాట రాదు. ఊపిరి అదే ఇస్తుంది, దాంతో పోట్లాడకండి. నా వైపు చూడండి.”

కళ్ళు తిరిగాయి. గది మీంచి, స్ప్రింగు మీంచి, నా మీదికి వచ్చి ఆగాయి. అదే చూపు. ఎవరు నువ్వు, ఏం చేస్తున్నావు ఇక్కడ. ఈసారి పక్కకు తిరగడానికి నాకు చోటు లేదు.

కుడిచేతి కట్టు విప్పాను. “అక్కా, విప్పకు, ట్యూబు పీకేసుకుంటాడు,” అంది స్ప్రింగు.

“నా చెయ్యి నొక్కండి మాస్టారూ. వినబడితే నొక్కండి.”

ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. నొక్కాడు. గాజు ఉండాల్సిన చోట ఎముక మీద ఎముక పడ్డట్టు నొప్పి పుట్టింది. “ఇప్పుడు వదలండి,” అన్నాను, చెప్పింది అర్థమవుతోందో లేదో చూడడానికి. అర్థమైంది. తల కొద్దిగా, చాలా కొద్దిగా అడ్డంగా ఊపాడు. వదల్లేదు.

“ఒప్పుకోవట్లేదక్కా!” అంది స్ప్రింగు. ఏడుపో నవ్వో తెలియని గొంతు. చార్టు తీసుకుంది. పై గడి చూడలేదు. “ప్లస్ రెండు. పిలిస్తే చూస్తున్నాడు, చెప్పిందానికి బదులిస్తున్నాడు. రాశా.” పెన్ను పట్టుకుని నిలబడింది.  “వాళ్ళావిణ్ణి పిలుచుకొస్తా,” అని వెళ్ళింది.

మేడమ్, వాళ్ళావిడ దాదాపు ఒకేసారి వచ్చారు. మేడమ్ టార్చి వేసి, కాలివేళ్ళు కదపమని చెప్పి, నాలుగు ప్రశ్నలు అడిగి, నాతో కాదు గాలితో అన్నట్టు “మెదడు బాగుంది” అన్నారు. వాళ్ళావిడ మంచం రెండో వైపు నిలబడింది. ఏమండీ అంది. ఆయన కళ్ళు ఆమె వైపు తిరిగి నీళ్ళతో నిండాయి. చెయ్యి మాత్రం ఇక్కడే ఉంది. నా వేళ్ళు చల్లబడి తిమ్మిరెక్కుతున్నాయి.

రెండూ పది. స్ప్రింగు ముందుకు వచ్చి ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీయబోయింది. “మాస్టారూ, సిస్టర్‌కి డ్యూటీ అయిపోయింది. పొద్దున్నుంచీ తినలేదు. వదలండి, వెళ్ళనివ్వండి.”

“ఉండనివ్వండి,” అంది వాళ్ళావిడ.

స్ప్రింగు ఆగింది. ఆవిడ నా ముఖం వైపు చూడలేదు. భర్త నుదురు మీద చెయ్యి వేసి, ఆయన కళ్ళలోకే చూస్తూ అంది.

“పట్టుకోనివ్వండమ్మా. ఆమెనే పట్టుకోనివ్వండి.”

స్ప్రింగు కాలితో స్టూలు నా దగ్గరికి జరిపింది. కూర్చోబోయాను. మంచం ఎత్తుగా ఉంది. కూర్చుంటే చెయ్యి సాగి ఆయన పట్టు జారుతుంది. ఆయన ఆ సంగతి గమనించి ఇంకా గట్టిగా బిగించాడు. లేచి నిలబడ్డాను.